రాత్రికి రాత్రి 400 నుంచి 370కి దిగింది: గోడలోని ఏసీ పైపు లీకా, చలికి ముల్లు పడిందా?

రాజమండ్రి_కొత్తిల్లు:

నమస్కారం అండి. నాది బ్యాంకు ఉద్యోగం, ఉండేది గుంటూరులో. రాజమండ్రిలో పాత పెంకుటిల్లు తీసేసి అమ్మానాన్నల కోసం కొత్త ఇల్లు కట్టిస్తున్నాం. హాల్లో ఒకటి, నాన్నగారి పడకగదిలో ఒకటి, రెండు ఏసీలు పెట్టాలి. రెండూ ఒకటిన్నర టన్నువే. పైపులు బయటికి కనపడితే ఇంటి అందం పోతుందని అమ్మ పట్టుబట్టింది. అందుకని గోడకి గాడి కొట్టించి రాగి పైపులు లోపలే వేయించాం. హాలుది ఆరు మీటర్లు, పడకగదిది తొమ్మిది. రెండు చోట్లా పావంగుళం, అరంగుళం జత.

పైపులు వేసింది దీపావళికి ముందు. తర్వాత వానలు పట్టుకున్నాయి, ఇసుక దొరకలేదు, మేస్త్రి ఇంట్లో ఎవరో పోయారు. పని నాలుగు నెలలు ఆగిపోయింది. పైపు కొసలకి ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశారు. మొన్న వెళ్లి చూస్తే హాలు లైను డాబా మీద తేలే చోట టేపు ఊడిపోయి వేలాడుతోంది. పైపు నోరు ఆకాశం వైపే ఉంది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో తెలీదు.

సోమవారం ప్లాస్టరింగ్ మొదలు. పైపులేసిన కుర్రాడిని లీక్ టెస్ట్ సంగతి అడిగితే, "ఏసీ బిగించేటప్పుడు గ్యాస్ వదిలి చూసుకుందాం సార్, ఇప్పుడెందుకు" అన్నాడు. అప్పటికి పూత, పుట్టీ, రంగు అన్నీ అయిపోయి ఉంటాయి కదా! బతిమాలగా నైట్రోజన్ సిలిండర్ తెచ్చాడు. ఇంటి లోపలి కొసల దగ్గర రెండు పైపుల్నీ ఒక వంపు ముక్కతో కలిపి అతికించి, బయటి కొసకి గేజి పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం 4 గంటలకి రెండు లైన్లలోనూ 400 పీఎస్ఐ ఒత్తిడి ఎక్కించాడు. అప్పుడు 36 డిగ్రీలు. శనివారం పొద్దున్న 6 గంటలకి, 25 డిగ్రీలప్పుడు, హాలు గేజి 385 చూపిస్తోంది. పడకగది గేజి 370. ఈ అంకెలన్నీ నాన్నగారివి. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. టైము రాసుకోకపోతే ఆయనకి నిద్ర పట్టదు. గోడ క్యాలెండర్ మీద రాహుకాలం పక్కనే అంకెలన్నీ వరసగా రాసిపెట్టారు.

మేస్త్రేమో రెండూ లీకేనంటాడు. కుర్రాడేమో "ఆ మాత్రం దిగుతుంది సార్" అంటాడు. నాన్నగారు ఎవరి మాటా నమ్మడం లేదు. 370 అంటే లీకు ఉన్నట్టా? ఇంకో అనుమానం కూడా ఉంది. డాబా మీద పైపులోకి వాన నీళ్లు పోయి ఉంటే, ఏసీ పెట్టే రోజు వాక్యూమ్ పెడితే, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేస్తే, ఆరిపోతాయా? నాకు సోమవారం దాకానే టైముంది.

చల్లగాలి_హైదరాబాద్:

బ్రో, ఇంత టెన్షన్ దేనికి? మా ఫ్లాట్‌లో బిల్డర్ వేసిన పైపులకే తగిలించేశాం. నైట్రోజనూ లేదు, వాక్యూమూ లేదు. ఔట్‌డోర్‌లోంచి కాస్త గ్యాస్ వదిలి గాలి బయటికి తోసేశాడు, అయిపోయింది. మూడేళ్లుగా బ్రహ్మాండంగా నడుస్తోంది. మధ్యలో రెండు సార్లు గ్యాస్ పట్టించాం, అంతే.

గూడెం_మెకానిక్:

ఆయ్, చల్లగాలి గారూ, మూడేళ్లలో రెండు సార్లు గ్యాస్ పట్టించాక దాన్ని బ్రహ్మాండం అన్నారు చూడండి, అక్కడే ఉంది మా అందరి జీవనోపాధి. ఏసీ గ్యాసు స్కూటర్‌లో పెట్రోలు కాదండి, ఖర్చైపోదు. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే.

రాజమండ్రి బాబూ, ముందు నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. టైమూ, ఎండా, ముల్లూ మూడూ రాశారు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు మూడోది ఒక్కటే రాసేవారు, అదీ అరచేతి మీద.

లెక్క చూద్దాం. బిగించిన గొట్టంలో గ్యాసు చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. గేజి చూపించే 400కి బయటి గాలి ఒత్తిడి ఇంచుమించు 15 కలపాలి, 415. డిగ్రీలకి 273 కలపాలి. 36 అంటే 309, 25 అంటే 298. 415ని 298తో గుణించి 309తో భాగిస్తే 400 వస్తుంది. అందులోంచి మళ్లీ 15 తీసేస్తే 385. మీ హాలు గేజి సరిగ్గా అంతే చూపించింది. అంటే హాలు లైను గట్టిగానే ఉంది. మేస్త్రి గారు ఓడిపోయారు.

పడకగది 370 అంటే 15 ఎక్కువ పడింది. లీకేనని వెంటనే అనేద్దును గానీ, ఒక్క ప్రశ్న. ఆ గోడ పడమటిదా? సాయంత్రం 4 గంటలకి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూశారా? బయట గాలి 36 ఉండొచ్చు, ఎండకి కాలిన ఇటుక గోడ 45 ఉన్నా నేను ఆశ్చర్యపోను. పైపు ఉన్నది గాలిలో కాదు, ఆ గోడలో. 45 వేసుకుని అదే లెక్క కడితే పొద్దుటికి 374 వస్తుంది. అప్పుడు మీ 370కీ దానికీ తేడా నాలుగే. ఇలాంటి చోట లీకు లేదని చెప్పినా తప్పే, ఉందని చెప్పినా తప్పే.

అందుకని సాయంత్రం లెక్క వదిలేయండి. తెల్లారి 6 గంటలకి గోడా, గాలీ, పైపూ మూడూ ఒకే చల్లదనానికి వస్తాయి. శనివారం 6కి ఎంతుంది, ఆదివారం 6కి ఎంతుంది, అది చూడండి. ఎండలో ముల్లు ఎక్కినా దిగినా పట్టించుకోవద్దు. మేస్త్రికి ఒక్క రోజు ఆలస్యమైతే ఏం కాదు, టీ పోయించండి.

ఈలోగా పైపుని అనుమానించే ముందు గేజిని అనుమానించండి. గేజి గొట్టం కొసన ఉండే చిన్న రబ్బరు వాచరు అరిగిపోయి ఉంటే లీకంతా అక్కడే. తర్వాత గేజి తగిలించే చోట ఉండే పిన్ను వాల్వు. తర్వాత కుర్రాడు కలిపిన వంపు ముక్క. ఈ మూడింటికీ సబ్బు నురగ పూసి చూశాకే గోడ దగ్గరికి వెళ్లాలి. పాతికేళ్ల కిందట, ఆర్-22 అనే పాత ఏసీ గ్యాసు రోజుల్లో, మా గురువు గారు లీకు పట్టడానికి మంట దీపం వాడేవారు. గ్యాసు తగిలితే నీలం మంట ఆకుపచ్చగా మారేది. ఆ రంగు గ్యాసులోని క్లోరిన్ వల్ల. ఇప్పటి ఆర్-32లో క్లోరిన్ లేదు, పైగా అదే మండే రకం. ఇంకా ఎవరైనా ఆ దీపం పట్టుకొస్తే గుమ్మం దగ్గరే ఆపెయ్యండి.

ఇంకొక మాట. ఒత్తిడి పరీక్షకి నైట్రోజనే వాడాలి, అదీ రెగ్యులేటర్ పెట్టే. సిలిండర్‌లో 150 బార్ దాకా, అంటే రెండు వేల పీఎస్ఐ పైన ఉంటుంది, నేరుగా వదిలితే పైపు చీలుతుంది. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టనివ్వకండి. ఆయిలూ, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజనూ కలిస్తే పేలుడే.

"ఇదంతా ఎందుకు, వాక్యూమ్ పెట్టి ముల్లు నిలబడితే లీకు లేనట్టే కదా" అనేవాళ్లుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అన్నాను. తణుకులో ఒక డాక్టరు గారింట్లో అరగంట వాక్యూమ్ నిలబడింది, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. ఆరు నెలల్లో గ్యాసంతా పోయింది. సీలింగ్ పగలగొట్టించి, ఆ ఖర్చు నా జేబులోంచి కట్టాను. ఎందుకలా జరిగిందో చెబుతాను. వాక్యూమ్‌లో ఉన్న పైపులోకి బయటి గాలి తోసేది 15 పీఎస్ఐ బలంతో. అదే ఏసీ మే నెల మధ్యాహ్నం నడుస్తున్నప్పుడు ఆర్-32 ఔట్‌డోర్ కాయిల్లో 440 దాకా ఉంటుంది. 15కి మూసుకుని ఉన్న కన్నం 440కి తెరుచుకుంటుంది. నైట్రోజన్ అడిగేది కన్నం ఉందా అని. వాక్యూమ్ అడిగేది తడి ఉందా అని. దీని జవాబు దానికి పనికిరాదండి.

రాజమండ్రి_కొత్తిల్లు:

గూడెం గారూ, ఆ గోడ పడమటిదే! మీరెలా పట్టారో.

ఆదివారం పొద్దున్న 6 గంటలకి మళ్లీ 25 డిగ్రీలే. హాలు 385, కదలలేదు. పడకగది 370 నుంచి 351కి వచ్చింది. గేజి గొట్టం, పిన్ను, వంపు ముక్క అన్నీ చూశాం, ఎక్కడా బుడగ లేదు. ఇన్సులేషన్ చీల్చి పైపంతా చూడాల్సి వచ్చింది. ఇంట్లో సబ్బు నీళ్లు సరిగ్గా నురగ రాక, అమ్మ తలంటుకని ఉంచుకున్న కుంకుడుకాయ రసం చిలికి ఇచ్చింది. నాన్నగారు బ్రష్షుతో అంగుళం అంగుళం పూసుకుంటూ పోయారు. అటక కింద వంపులో, చిన్న పైపు మీద దొరికింది. మిరియం గింజంత బుడగ. నాలుగంకెలు లెక్కపెట్టేలోగా ఒకటి.

కారణం ఏమిటో తెలుసా? పైపు గాడిలోంచి జారకుండా అటూ ఇటూ మేకులు కొట్టి బైండింగ్ వైరు చుట్టారు. ఒక మేకు ఇన్సులేషన్‌లోంచి పైపుని గీరుకుంటూ వెళ్లింది. కన్నం కంటికి కనపడదు, గీత కనపడుతోంది.

ఆ చోట అక్కడే గ్యాస్ వెల్డింగ్ పెట్టి అతికేస్తానంటున్నాడు కుర్రాడు. ఒప్పుకోనా?

గూడెం_మెకానిక్:

ఒప్పుకోవద్దు. పైపు ముట్టుకోవడానికి వీలున్నది ఈ రెండు రోజులే. గోడ లోపల జాయింటు ఉండకూడదు, ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు గనక తొమ్మిది మీటర్లూ తీసేసి కొత్తది వేయించండి, ఒకే ముక్క. గోడ బద్దలు కొట్టే ఖర్చు ముందు ఈ రాగి ఖర్చు ఎంత! ఈసారి మేకుల బదులు క్లాంపులు వేయమనండి.

మీ అంకెలు ఎంత బాగా కలిశాయో చూడండి. రోజుకి 19 పడుతోందంటే, శుక్రవారం రాత్రి 14 గంటల్లో లీకు వల్ల పోయింది 11. మొత్తం పడింది 30 కదా, మిగతా 19 చలి లెక్క. దాన్ని వెనక్కి కడితే మీ పడమటి గోడ ఆ సాయంత్రం 38, 39 దగ్గర ఉండాలి. నేను 45 అన్నాను, ఎక్కువ చెప్పాను. మార్చి కదా, గోడ ఇంకా కాలలేదు. ఇదే లీకుతో ఆర్-32 నింపి ఉంటే ఏడాది తిరక్కుండా ఏసీ ఖాళీ. అప్పుడు వచ్చినవాడు "కాయిల్ పోయింది సార్" అనేవాడు.

ఎక్కడైనా తప్పనిసరై అతికించాల్సి వస్తే, అతికించేంతసేపూ పైపులోంచి నైట్రోజన్ సన్నగా, ఊపిరి వదిలినట్టు పారుతూ ఉండాలి. లేకపోతే వేడికి పైపు లోపల నల్లటి పొక్కు కడుతుంది. అది రాలి, గ్యాసు వెళ్లే సన్నటి క్యాపిలరీ గొట్టానికి అడ్డం పడుతుంది. వంపు ముక్క అతికించినప్పుడు మీ కుర్రాడు ఇది చేసి ఉండడు. ఏసీ పెట్టే రోజు ఆ కొసలు రెండు మూడు అంగుళాలు కోసి పారేయమనండి.

కుంకుడు రసం అద్భుతం. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచెయ్యండి, ఏ నురగైనా అంతే. అమ్మోనియా కలిసిన ద్రవాలు మాత్రం ఇత్తడి నట్ల మీద వాడకూడదు, నట్లు పగుళ్లిస్తాయి.

ఇప్పుడు వాన నీళ్ల సంగతి. హాలు లైను ఒత్తిడికి నిలబడింది గాబట్టి అది మంచిదని మీరనుకుంటున్నారు. కన్నం లేదు, నిజమే. కానీ టేపు ఊడింది దానికే. కలిపిన వంపు ముక్క కోసేసి, ఒక్కో పైపులోంచి నైట్రోజన్ 50, 60 పీఎస్ఐతో ఒక్క ఉదుటున వదలమనండి. అవతలి కొస దగ్గర తెల్ల గుడ్డ పట్టుకోండి, మొహం మాత్రం పక్కకి పెట్టుకోండి. గుడ్డ మీద ఏం పడిందో చెప్పండి.

దోహా_గోదారోడు:

గూడెం గారూ, మీ పోస్టులు చదువుతుంటే మా ఊరి టీకొట్టు దగ్గర నిలబడినట్టుంది. నేను ఖతార్‌లో వీఆర్ఎఫ్, అంటే పెద్ద బిల్డింగుల ఏసీ పనులు చూస్తాను. ఒక్క ఔట్‌డోర్‌కి ముప్పై, నలభై ఇండోర్లు, వందల మీటర్ల పైపు. ఇక్కడ మాకు కంపెనీ మాన్యువల్ ప్రకారం మెట్లుంటాయి. ముందు 3 బార్, కొన్ని నిమిషాలు ఆగి చూడటం. తర్వాత 15 బార్, మళ్లీ ఆగడం. చివరికి 40 బార్ పైన, అంటే దాదాపు 600 పీఎస్ఐ, 24 గంటలు. ఒక్కసారే పైకి ఎక్కిస్తే, వదులుగా ఉన్న నట్టు ఏదైనా ఉంటే మనిషికి తగిలేలా ఊడొస్తుంది. అందుకే మెట్లు. ఆగస్టులో మధ్యాహ్నం డాబా మీద పెట్టిన గేజి రాత్రికి దిగితే కన్సల్టెంట్ మొహం మాడిపోయేది. ఇప్పుడు మేం కూడా పొద్దున్నుంచి పొద్దుటికే సంతకం పెట్టించుకుంటాం.

చల్లగాలి గారు చెప్పిన పద్ధతి గురించి ఒక్క మాట. గ్యాస్ వదిలి గాలి తోయడం ఆర్-22 రోజుల అలవాటు. అప్పటి కంప్రెసర్లలో ఉండేది మినరల్ ఆయిల్, తడి అంతగా పీల్చుకోదు. తర్వాత వచ్చిన గ్యాసులు ఆర్-410ఏ, ఆర్-32లతో వాడేది ఎక్కువగా పీఓఈ అనే సింథటిక్ ఆయిల్. మూత తీసి పెడితే గాలిలోని తేమని లాగేసుకుంటుంది, వానాకాలం ఉప్పు డబ్బా లాగా. ఒకసారి పీల్చుకున్నాక వాక్యూమ్ పెట్టినా సరిగ్గా వదలదు. కంప్రెసర్ వేడికి ఆ నీళ్లూ ఆయిలూ కలిసి ఆమ్లం పుడుతుంది. మోటారు వైండింగ్ మీది పూత తింటుంది, పైపులోని రాగిని కరిగించి బేరింగుల మీద పూస్తుంది. అందుకే నీళ్లున్నాయని తెలిస్తే ఔట్‌డోర్ వాల్వు తెరవకముందే తీసెయ్యాలి. ఇక ఆర్-32ని ఇంట్లోకో బాల్కనీలోకో వదలడం ఎలా ఉంటుందంటే, పక్కన ఎవరో సిగరెట్ ముట్టిస్తే తెలుస్తుంది.

అందరూ నీళ్లు చేరితే క్యాపిలరీలో మంచు గడ్డ కట్టి కూలింగ్ ఆగుతుందంటారు. అది ఫ్రిజ్‌ల కథ. ఏసీ ఇండోర్ కాయిల్ మామూలుగా సున్నా డిగ్రీల పైనే నడుస్తుంది కాబట్టి మంచు అరుదు. ఏసీలో నీళ్లు చప్పుడు చెయ్యవు. రెండు మూడేళ్లకి కంప్రెసర్ కాలాక బయటపడతాయి.

రాజమండ్రి_కొత్తిల్లు:

పడకగది పైపు పూర్తిగా మార్పించాం. తెల్లారి నుంచి తెల్లారికి 400 అలాగే ఉంది.

హాలు లైను ఊదించాం. చిన్న పైపు శుభ్రం. పెద్ద పైపులోంచి ముందు "ఫట్" మని ఒక చీమల ఉండ, తర్వాత ఒక చెంచాడు నీళ్లు, సిమెంటు రంగువి. అమ్మ కొత్త టవలు పాడైంది. మూడు సార్లు ఊదాక గుడ్డ పొడిగా వచ్చింది. ఆరిపోయినట్టేనా?

గూడెం_మెకానిక్:

నీళ్లు పోయాయి. తడి పోలేదు. వంపుల్లో పైపు లోపలి గోడకి అంటుకున్న పొర అలాగే ఉంటుంది, దాన్ని ఊదితే రాదు. మరిగించాలి.

వాక్యూమ్ అంటే చాలామంది గాలి లాగడం అనుకుంటారు. నిజానికది పొయ్యి లేకుండా నీళ్లు మరిగించడం. ఒత్తిడి తగ్గేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. వాక్యూమ్‌ని మైక్రాన్లలో కొలుస్తారు, మామూలు గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లు. దాన్ని 23,800కి దించితే 25 డిగ్రీల దగ్గరే నీళ్లు మరుగుతాయి. మరి ఆ సమయానికి మామూలు గేజి ముల్లు ఎక్కడుంటుందంటారు? పాదరసం లెక్కలో 29 అంగుళాల దగ్గర, దాదాపు చివరికి ఆనుకుని. కుర్రాడు "వచ్చేసింది సార్" అని పంపు కట్టేసేది అప్పుడే. అప్పుడే కదా నీళ్లు మరగడం మొదలెట్టింది! అన్నం ఉడుకు పట్టగానే పొయ్యి ఆర్పేసినట్టు. అక్కడి నుంచి 500 మైక్రాన్ల దాకా జరిగేదంతా ఆ ముల్లు చూపించలేదు. దానికి మైక్రాన్ గేజి వేరే ఉంటుంది. మీ కుర్రాడి దగ్గర లేకపోతే అద్దెకి తెమ్మనండి, లేదా ఇంకో మనిషిని చూసుకోండి.

ముందు ఊదమని ఎందుకన్నానంటే, ఒక గ్రాము నీళ్లు ఆ ఒత్తిడిలో ఆవిరైతే 43 లీటర్లవుతుంది. మీ చెంచాడు నీళ్లు రెండొందల లీటర్ల పైన. అదంతా సన్నటి గొట్టంలోంచి లాగాలి. పైగా ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్లు చల్లబడి, 4,600 మైక్రాన్ల కిందకి వస్తే పైపులోనే మంచు అవుతాయి. మంచు మెల్లగా తప్ప పోదు. అందుకే ఏసీ బిగించడానికి ఎండ ఉన్న రోజు పెట్టుకోండి, ముసురు పట్టిన రోజు కాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. రెండు లైన్లకీ కొసలు నొక్కి అతికించేసి, లోపల నైట్రోజన్ 50 పీఎస్ఐ ఉంచేయండి. ప్లాస్టరింగ్, టైల్సు, ఎలక్ట్రీషియన్, ఫొటోలకి మేకులు కొట్టే మీ బావమరిది, అందరూ వెళ్లిపోయాక, ఏసీ పెట్టే రోజు కొస కోయగానే "బుస్" మనాలి. అంటే గోడలో ఎవరూ పైపుని పొడవలేదన్నట్టు. చప్పుడు రాకపోతే ఏసీ డబ్బా విప్పకండి.

ఆ రోజు నట్లు బిగించాక ఇండోర్‌తో కలిపి మళ్లీ నైట్రోజన్ పరీక్ష. ఔట్‌డోర్ వాల్వులు మూసే ఉండాలి. బిగింపు బలం అరంగుళం నట్టుకి 49 నుంచి 61 న్యూటన్ మీటర్లు, పావంగుళానికి 14 నుంచి 18. చేతి అంచనాతో పెద్దది వదులవుతుంది, చిన్నది చిట్లుతుంది. తర్వాత వాక్యూమ్. 500 కిందకి వచ్చాక పంపుకీ పైపుకీ మధ్య వాల్వు మూసి పది నిమిషాలు చూడాలి. కాస్త ఎక్కి వెయ్యిలోపు ఆగితే మంచిది. రెండు వేల దగ్గర ఎక్కి ఆగిపోతే తడి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే కన్నం.

దోహా_గోదారోడు:

చిన్న చేర్పు. కొన్ని వీఆర్ఎఫ్ మాన్యువల్లలో మైనస్ 100.7 కిలోపాస్కల్ అని ఉంటుంది. అది 5 టార్, అంటే 5,000 మైక్రాన్లు. రెండు గంటలు లాగి గంట ఆపి చూడమంటారు. 500 చెప్పే మనిషికీ మాన్యువల్‌కీ గొడవ పడొద్దు, ఎక్కువ గట్టిదాన్నే పట్టుకోండి. తడి వదలకపోతే మధ్యలో నైట్రోజన్ కొంచెం నింపి వాక్యూమ్ విరిచి మళ్లీ లాగాలి. పొడి నైట్రోజన్ ఆ ఆవిరిని తనలో కలుపుకుని బయటికొస్తుంది.

గూడెం_మెకానిక్:

గోదారోడు గారితో గొడవ లేదు. నా దగ్గర 5,000 అని రాసిన కాగితం లేదు, 500 చూపించే గేజి ఉంది. అంతే తేడా.

రాజమండ్రి_కొత్తిల్లు:

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. గృహప్రవేశం అయింది, నిన్న ఏసీలు పెట్టారు. వేరే మెకానిక్‌ని పిలిచాం. మైక్రాన్ గేజి ఉందా అని ఫోన్లో అడిగితే ముగ్గురు "అదేంటి" అన్నారు, నాలుగో ఆయన "ఉంది, ఎవరూ అడగరు" అన్నాడు.

కొసలు కోస్తే రెండూ బుస్ మన్నాయి. నాన్నగారు చెవి దగ్గర పెట్టి విన్నారు.

పడకగది లైను నలభై నిమిషాల్లో 430కి వచ్చింది. పంపు వాల్వు మూసి పది నిమిషాలు ఉంచితే 610 దగ్గర నిలబడింది. హాలు లైను, ఒత్తిడికి ఒక్క గీత కూడా కదలని లైను, గంటన్నర పట్టింది 500కి రావడానికి. మూస్తే పది నిమిషాల్లో 1,900కి ఎక్కి అక్కడ ఆగింది. పంపులో ఆయిల్ పాల రంగుకి వచ్చేసింది. ఆయిల్ మార్చి, నైట్రోజన్ నింపి విరిచి, రెండోసారి లాగితే మూశాక 1,150. మూడోసారి 680. మెకానిక్ భోజనం మా ఇంట్లోనే చేశాడు, గోంగూర పప్పు మళ్లీ వేయించుకున్నాడు. సాయంత్రం అయిదున్నరకి వాల్వు తెరిచాడు.

అంకెలన్నీ క్యాలెండర్ మీద ఉన్నాయి. నాన్నగారు ఆ పేజీలు చింపనివ్వడం లేదు. దసరా వెళ్లాక ఔట్‌డోర్ నట్లకి ఒకసారి కుంకుడు రసం పూసి చూస్తారట. చూడొచ్చా?

గూడెం_మెకానిక్:

చూడొచ్చండి. ఏసీ ఆపాకే చూడమనండి, తర్వాత తుడవడం మర్చిపోవద్దనండి.